పేదోళ్లనే ట్రయల్స్‌లో పెడతారా? మా అత్తను అసలు అడగనేలేదు

మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ అని తేలిందనీ, కీమో ఇంకా మొదలుకాలేదనీ, తిరుపతిలో డాక్టరు క్లినికల్ ట్రయల్ (కొత్త వైద్యాన్ని రోగులకిచ్చి పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష) మాట ఎత్తితే "పేదోళ్లమని మా మీద ప్రయోగం చేస్తున్నారా" అని భయమేసిందనీ రాశారు. నేను డాక్టర్ని కాను. మూడేళ్ల కిందట మా మేనత్త వెంట ఎనిమిది నెలలు ఆస్పత్రుల చుట్టూ తిరిగినదాన్ని. మాకు జరిగింది మీ భయానికి తలకిందులు.

అత్తది పలమనేరు దగ్గర పల్లె. రెండు జెర్సీ ఆవులు, అర ఎకరా టమోటా. జబ్బు మీ అమ్మగారిదే. మేం పోయిన పెద్దాసుపత్రిలో (పేరెందుకులెండి) పక్క మంచం ఒక రిటైర్డ్ లెక్చరర్ మేడమ్‌ది. ఆమెను కూర్చోబెట్టి ముప్పావుగంట ట్రయల్ గురించి చెప్పారు. అత్తకు ఒక్క ముక్క చెప్పలా. ఆ మేడమే ట్రయల్‌కి ఒప్పుకుంటూ సంతకం పెట్టే ఫారం చూపిస్తే మాకు తెలిసింది. పోయి అడిగితే అక్కడి కోఆర్డినేటర్, "మీది దూరం కదమ్మా, వారం వారం రాలేరని చెప్పలేదు" అంది. చెడ్డపిల్ల కాదు, జాలిపడే అనుకుంది. కానీ రాగలమో లేమో చెప్పాల్సింది మేము కదా! నిజానికి కష్టమే. తెల్లారుజామున పాలు పితికి బస్సెక్కితే, సాయంత్రం పితికే వేళకి ఇల్లు చేరేదెట్ల? ఒక పూట వదిలేస్తే పొదుగువాపు భయం.

తీరా ఫైలు చూస్తే ఇంకో చిక్కు. ఆలస్యం చేయకూడదని మొదటి కీమో ఊరికి దగ్గర్లోనే ఎక్కించుకుని వచ్చాం. ఆ ట్రయల్‌కి అంతకుముందు ఏ చికిత్సా తీసుకోనివాళ్లే కావాలంట. ఆ సంగతి మాకు ముందు ఎవరు చెప్పారు? మిగతా వైద్యం ఆరోగ్యశ్రీలో అయింది. అత్త ఇప్పుడు బాగానే ఉంది, మళ్లీ ఆవుల దగ్గరే.

ఆ ఫారం ఇరవై పేజీలు. తెలుగే, కానీ ఏం తెలుగో! "యాదృచ్ఛిక కేటాయింపు" అంటే ఏందని అడిగింది అత్త. ఏ మందు ఎవరికనేది చీటీ తీసినట్టు తేలుతుందని చెప్పా. "చీటీ పాడాల్నా పాపా? మళ్లా దానికి దుడ్డు కట్టాల్నా?" అనింది. మేడమ్‌కైతే బెంగళూరులో ఉన్న కొడుకు ఫోన్లో పేజీ పేజీ విని అర్థం చెప్పాడు.

మీ భయం ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో ఒక అధ్యయనం కింద గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేసినప్పుడు చాలా ఫారాల మీద తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటరీ కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం మనకు తెలిసిన భాషలో చెప్పాలి, చదువురానివాళ్లకు సాక్షి ఉండాలి, ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. మధ్యలో ఎప్పుడైనా మానుకోవచ్చు. పంచదార గోళీ ఇచ్చి వదిలేస్తారని మా ఊళ్లో భయపెట్టారు గానీ, క్యాన్సర్ ట్రయల్స్‌లో కొత్త మందును ఎక్కువగా మామూలు చికిత్సతోనే పోల్చి చూస్తారు.

ఇంకో వైపూ చూడండి. నివోలుమాబ్ అనే ఖరీదైన మందును మనవాళ్లలో కొనగలిగేది బహు కొద్దిమంది. అందుకని ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి డాక్టర్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్‌లో మాత్రలతో పాటు దాన్ని 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు, మామూలు మోతాదులో పదోవంతు కూడా కాదు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్లలో 16 శాతమైతే, ఈ మందు కూడా తీసుకున్నవాళ్లలో 43 శాతం. ఆ ఫలితాలు 2022లో వచ్చాయి. డబ్బులేనివాళ్లు ట్రయల్‌లో లేకపోతే ఇట్లాంటి ప్రశ్న ఎవరికి తడుతుంది?

కాబట్టి కీమో ఎక్కించకముందే అడగండి. ఎన్నిసార్లు రావాలి, ఏ పరీక్షల ఖర్చు మనది, ప్రయాణానికి ఏమైనా ఇస్తారా, ట్రయల్ అయిపోయాక మందు ఆపేస్తారా అని. సీటీఆర్‌ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు కూడా అడిగి ఆ వెబ్‌సైట్‌లో చూడండి, 2009 నుంచి అక్కడ నమోదు తప్పనిసరి. ఫారం ఇంటికి తెచ్చుకుని, ఊళ్లో చదివిపెట్టేవాళ్ల దగ్గర రెండుసార్లు వినండి. బస్సు టికెట్లు మాత్రం పారేయకండి, ప్రయాణ ఖర్చు ఇచ్చేచోట అవే అడుగుతారు.