శనివారం ఆయన నిద్ర, ఆదివారం ఇద్దరికీ గొడవ

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. బ్యాంకులో పనిచేస్తాను. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లయి 14 నెలలు. మియాపూర్‌లో ఉంటున్నాం. ఆయనకు అమెరికా షిఫ్టు, సాయంత్రం అయిదున్నర నుంచి తెల్లవారుజామున రెండున్నర దాకా. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. నేను ఇల్లు చేరేసరికి ఏడవుతుంది, అప్పటికి ఆయన కాల్స్‌లో ఉంటారు. శని, ఆదివారాల కోసం ఎదురుచూస్తే శనివారం మధ్యాహ్నం దాకా లేవరు. లేచాక ఫోను. నెలకు రెండుసార్లు వరంగల్‌లో అత్తగారింటికి వెళ్తాం. విజయవాడలో మా అమ్మానాన్నల దగ్గరికి వెళ్లి నాలుగు నెలలైంది. మిగిలిన వారాలు బట్టలు, వంట, కూరగాయలతో సరి. ఆదివారం సాయంత్రానికి ఏదో ఒక మాట మీద గొడవ. ‘నీకెప్పుడూ తిరగాలనే యావ’ అంటారాయన. రూమ్మేట్స్‌లా బతుకుతున్నామనిపిస్తోంది. ఈ పెళ్లి చేసుకుని పొరపాటు చేశానా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను. పొరపాటు పెళ్లి అనుకోవాల్సిన సంగతి మీ ఉత్తరంలో ఒక్కటీ లేదు. ఆయన చెయ్యి చేసుకోవడం, డబ్బు దాచడం, మీవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం, ఇవేవీ మీరు రాయలేదు. ఉన్నదల్లా ఇద్దరి డ్యూటీ టైములు కలవకపోవడం. దాన్ని మీరు ఆయనకు ప్రేమ లేదని, ఆయనేమో మీకు తిరుగుళ్ల యావ అని అర్థం చేసుకుంటున్నారు.

కాబట్టి ముందు గంటలు లెక్కపెట్టండి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇద్దరూ మెలకువగా, పని లేకుండా ఒకేచోట ఉండే సమయం దాదాపు సున్నా. బ్యాంకులకు 2015 సెప్టెంబరు నుంచి రెండో, నాలుగో శనివారాలే సెలవు, మిగతా శనివారాలు పూర్తి పనిదినాలు. అంటే మీకు పని ఉన్న శనివారం వస్తే, ఆ రాత్రి ఓ అయిదు గంటలు, ఆదివారం ఓ పన్నెండు, మొత్తం పదిహేడు గంటలు. సెలవున్న శనివారమైతే ఇరవై అయిదు దాకా వస్తాయి. ఇక మియాపూర్ నుంచి ఊరంతా దాటి ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లాలంటే ట్రాఫిక్‌తో కలిపి నాలుగు గంటలు, రాను మరో నాలుగు. నెలకు రెండుసార్లు వెళ్తున్నారంటే మీకున్న రెండు పెద్ద వారాంతాలూ వరంగల్‌కే పోతున్నాయి. మీకు మిగిలేవి పదిహేడు గంటల వారాలు, అందులోనే బట్టలు, గిన్నెలు, కూరగాయలు, సినిమా, సరసం అన్నీ కుదరాలి. కుదరవు. ఆదివారం సాయంత్రం గొడవ అక్కడ పుడుతోంది.

ఇంకో చిన్న చిక్కు కూడా గమనించండి. అయిదు శనివారాలున్న నెల వస్తే నాలుగో శనివారానికీ, వచ్చే నెల రెండో శనివారానికీ మధ్య మూడు వారాల ఎడం వస్తుంది. ఆ మూడు వారాల్లోనే ఇంట్లో మాటలు పెరుగుతాయి. క్యాలెండర్ ముందేసుకుని అలాంటి నెలలను గుర్తు పెట్టుకోండి, ఆ మధ్యలో ఒక సెలవు పెట్టుకోవచ్చేమో చూడండి.

ఇప్పుడు ఆయన నిద్ర సంగతి. శుక్రవారం షిఫ్టు నిజానికి ముగిసేది శనివారం తెల్లవారుజామున రెండున్నరకు. ఏదో ఇంత తిని, స్క్రీన్ల ముందు నుంచి లేచి, నిద్ర పట్టేసరికి మూడున్నర. ఏడున్నర గంటల నిద్ర అంటే పదకొండు. మీరు రాత్రి పదకొండుకు పడుకుని పొద్దున ఆరున్నరకు లేవడం ఎంతో, ఆయన పదకొండుకు లేవడం అంతే. దాన్ని బద్ధకం అనకండి. పదకొండు నుంచి ఒంటిగంట దాకా మంచం మీద ఫోన్ చూడటం మాత్రం వేరు, దాన్ని నిలదీయొచ్చు. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, భార్య కోపంతో ఎనిమిదింటికి మిక్సీ వేస్తుంది, గిన్నెలు గట్టిగా పెడుతుంది, ఆయన తొమ్మిదింటికి మొహం ముడుచుకుని లేస్తాడు, మళ్లీ మూడింటికి కునుకు తీసి ఆరింటికి లేస్తాడు. అప్పుడు ఉదయమూ సాయంత్రమూ రెండూ పోతాయి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. భార్య కోసం శని, ఆదివారాలు రాత్రి పదింటికే పడుకుని పొద్దున్నే లేవాలని చూసేవాళ్లు ఉంటారు. ఒంటి గడియారం రోజుకు సుమారు ఒక గంటకు మించి జరగదు. రెండు రోజుల్లో అయిదు గంటలు వెనక్కి లాగి, సోమవారం రాత్రి మళ్లీ ముందుకు తోస్తే వారమంతా తలనొప్పి, చిరాకు. మధ్యే మార్గం ఒకటి ఉంది. శని, ఆది రాత్రుళ్లు ఒంటిగంటన్నరకు పడక, ఆదివారం, సోమవారం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య లేవడం. రాత్రి తొమ్మిది దాటాక కాఫీ, టీ ఆపాలి. పడకగదికి మందపాటి కర్టెన్లు వేయండి, ఫోన్ ఛార్జింగు హాల్లో పెట్టండి. మరో మాట: అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కి జరుపుతారు. మీరు రాసిన టైములు వేసవివి అయితే, చలికాలంలో ఆయన షిఫ్టు మన లెక్కన ఆరున్నర నుంచి మూడున్నర అవుతుంది. అప్పుడు ‘ఈమధ్య ఇంకా ఆలస్యంగా లేస్తున్నాడు’ అని మనసు కష్టపెట్టుకోకండి.

ఇంటిపని దగ్గర మాత్రం ఆయన పక్షం వహించలేను. రోజూ పదకొండు నుంచి నాలుగు దాకా ఆయన ఇంట్లో మెలకువగా ఉంటారు. గ్యాస్ బండ వచ్చేది, కొరియర్ వచ్చేది, ఇస్త్రీ అబ్బాయి ఉండేది, రైతుబజారులో జనం తక్కువగా ఉండేది అప్పుడే. అలాంటప్పుడు ఈ పనులన్నీ శనివారానికి ఎందుకు వాయిదా పడుతున్నాయి? బుధవారం రెండు వాయిల బట్టలు ఉతకడం, ఆరేయడం, శుక్రవారం కూరగాయలు తేవడం ఆయన వంతు చేసుకోండి. అప్పజెప్పేటప్పుడు పని పూర్తిగా అప్పజెప్పండి. ‘బట్టలు మెషిన్‌లో వెయ్యి’ అంటే వేస్తారు, సాయంత్రం దాకా తడిబట్టలు అందులోనే ముక్కవాసన వస్తాయి, తిట్టేది మీరు. తెల్లవి, రంగువి వేరుచేయడం, ఆరేయడం, మడతపెట్టి అలమారలో పెట్టడం దాకా ఒకే పని అని చెప్పండి. మొదటి నెల చొక్కాలు మడత సరిగా లేకపోతే చూసీ చూడనట్టు వదిలేయండి. మీరు మళ్లీ విప్పి మడిస్తే ఆ పని తిరిగి మీ దగ్గరికే వస్తుంది.

టిఫిన్ విషయంలో ఒక పద్ధతి బాగా పనిచేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఆయన ఒక గ్లాసు మినప్పప్పు నానబెట్టాలి. మీరు ఏడింటికి వచ్చాక రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి అరగంట నానబెట్టి, గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో కలపండి. గిన్నెలో సగానికి మించి పోయకండి, పొంగి గట్టు మీదికి కారితే పొద్దున్నే అది తుడవడంతోనే గొడవ మొదలవుతుంది. ఎండాకాలం ఆరేడు గంటలు, చలికాలం పది, పన్నెండు గంటలు పడుతుంది. పులిశాక ఫ్రిజ్‌లో పెడితే ఇద్దరికీ మూడు నాలుగు పూటలు వస్తుంది. శనివారం మీకు సెలవైతే ఎనిమిదింటికి మీరు మీ టిఫిన్ తినేయండి. ఆయన లేచేదాకా ఆకలితో ఉండి, లేచాక ఆ ఆకలి కోపం చూపించే పతివ్రతా ధర్మం అక్కర్లేదు. మిగిలిన పిండితో పదకొండున్నరకు ఆయన మీకూ తనకూ అట్లు పోయొచ్చు.

ఆ ఎనిమిది నుంచి పదకొండు దాకా ఉన్న మూడు గంటలు మీ సొంతం. అందులో పని పెట్టుకోకండి. స్నేహితురాలితో నడక, అమ్మతో తీరుబడిగా ఫోను, నిద్ర, ఏదైనా సరే. పనిమనిషి ఆదివారం రాకపోతే ఆ రోజు వంట చేసినవాళ్లు గిన్నెలు తోమరు. అంతకుమించిన నియమం అక్కర్లేదు.

ఇక అసలు గొడవ. అది ఎలా నడుస్తుందో ఊహించగలను. ఆదివారం నాలుగింటికి టీ తాగుతూ మీరు ‘ఎక్కడికైనా వెళ్దామా?’ అంటారు. ఆయన ఫోన్‌లోంచి తలెత్తకుండా ‘నీ ఇష్టం’ అంటారు. ‘ప్రతిదీ నా ఇష్టమేనా, నువ్వు చెప్పలేవా?’ అంటారు మీరు. ఆయన ఏదో ఒకటి చెప్తారు, అక్కడ పార్కింగ్ దొరకదంటారు మీరు. అయిదున్నర అవుతుంది. ఇప్పుడు బయల్దేరితే వచ్చేసరికి పది, మీకు రేపు బ్యాంకు. ఎవరి గదిలో వాళ్లు. ఇందులో తప్పు ఎవరి స్వభావానిదీ కాదు, ఆదివారం నాలుగింటికి నిర్ణయించడానికి కూర్చోవడానిది.

నిర్ణయం బుధవారం చేయండి. షిఫ్టు మధ్యలో ఆయనకు భోజనం బ్రేక్ ఉంటుంది కదా, దాదాపు తొమ్మిదింటికి. ఇంటి నుంచి పనిచేసే రోజు కలిసి తినండి, ఆఫీసు రోజైతే పది నిమిషాలు ఫోను. మూడే విషయాలు: ఎక్కడికి, ఎన్నింటికి ఇంట్లోంచి అడుగు బయటపెట్టాలి, టికెట్లు ఎవరు తీయాలి. ఒక వారం మీ ఎంపిక, మరో వారం ఆయనది. ఎంపిక తనదైన వారం ‘నీ ఇష్టం’ అనడానికి వీల్లేదు. ఎంపిక అవతలివాళ్లదైన వారం సణగడానికి వీల్లేదు. ‘ఏమీ చేయకుండా ఇంట్లో ఉందాం’ కూడా ఒక ఎంపికే. ఆయన అదే అడిగితే ఆ వారం దాన్ని గౌరవించండి.

పదిహేడు గంటల వారంలో దగ్గరి చోట్లే పెట్టుకోండి. ఆదివారం పదకొండింటికి మెట్రో ఎక్కి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూసి, అక్కడే భోంచేసి మూడింటికి ఇంటికి రావచ్చు. సాయంత్రం పూట శిల్పారామం మీకు దగ్గరే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి సుమారు ఎనభై కిలోమీటర్లు, అది సెలవున్న శనివారానికి. సూర్యోదయం చూపించే ట్రిప్పులేవీ ఈ షిఫ్టులో ఉన్నంతకాలం పెట్టుకోకండి.

వరంగల్, విజయవాడ లెక్క మార్చాలి. నెలకున్న రెండు పెద్ద వారాంతాల్లో ఒకటి పెద్దవాళ్లకు, ఒకటి మీకు. పెద్దవాళ్ల వారాంతం ఒక నెల వరంగల్, మరో నెల విజయవాడ. మీ అత్తమామలకు ఇది లోటుగా అనిపిస్తుంది, నెలకు రెండుసార్లు అలవాటైంది కాబట్టి. దానికి ఒక మార్గముంది. మొదటి, మూడో శనివారాలు మీరు బ్యాంకులో ఉంటారు. అలాంటి ఒక శనివారం ఆయన మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో రైలెక్కి ఒక్కరే వరంగల్ వెళ్లి, రాత్రి అక్కడుండి ఆదివారం మధ్యాహ్నానికి రావచ్చు. కొడుకు ఒంటరిగా వచ్చి తల్లి చేతి అన్నం తినడం ఆవిడకు తక్కువేం కాదు, పైగా కోడలి ముందు మాట్లాడలేని మాటలు కొడుకుతో మాట్లాడుకుంటుంది. మీరూ అలాగే చేయొచ్చు. విజయవాడకు శుక్రవారం రాత్రి బస్సులో మీరు ముందు వెళ్లిపోండి. ఆయన నిద్ర పూర్తి చేసుకుని శనివారం మధ్యాహ్నం వందే భారత్‌లో వస్తే నాలుగు గంటల ప్రయాణం. ఆదివారం భోజనం చేసి ఇద్దరూ కలిసి బయల్దేరండి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది, కాబట్టి రెండు నెలల తేదీలు ఒకేసారి ఖాయం చేసుకోవాలి.

ఈ మార్పు వరంగల్‌లో చెప్పాల్సింది ఆయన, విజయవాడలో చెప్పాల్సింది మీరు. ఇందులో తేడా రాకూడదు. కోడలు చెబితే ‘రానివ్వట్లేదు’ అవుతుంది. ఆయన కూడా ‘ఆమెకు కుదరదట’ అనకూడదు. ‘అమ్మా, ఈ నెల రెండో శనివారం ఇద్దరం వస్తున్నాం, మూడో శనివారం నేనొక్కణ్ణే వస్తా’ అని తేదీతో చెబితే చాలు. ‘చూద్దాంలే’ అన్న మాటే ఎక్కువ బాధపెడుతుంది, అవతల ఆవిడ ఆశతో వారమంతా ఎదురుచూస్తుంది. దసరా, బతుకమ్మ, సంక్రాంతి ఈ లెక్కలోకి రావు. వాటికి సెలవులు విడిగా పెట్టుకోండి.

డబ్బు సంగతి మీరు రాయలేదు గానీ ఉంటుంది. మల్టీప్లెక్స్‌లో ఇద్దరికి టికెట్లు, పాప్‌కార్న్, పార్కింగ్ కలిపితే వెయ్యి దాటుతుంది. నెలకింత అని వారాంతాల ఖర్చు ముందే విడిగా తీసి పెట్టండి. డబ్బు, ఈఎంఐలు, బంధువుల విషయాలు శనివారం పగలు అరగంట మాట్లాడుకోండి. ఆదివారం సాయంత్రం ఆరు దాటాక ఎత్తొద్దు. మీకు సోమవారం దిగులు మొదలయ్యే వేళ అది, ఎంత చిన్నమాటైనా పెద్దదవుతుంది.

రూమ్మేట్స్ అన్నారు. మీరు పదకొండుకు, ఆయన మూడున్నరకు పడకెక్కుతుంటే దగ్గరితనం తగ్గడంలో వింత లేదు. దానికి రాత్రే కావాలన్న నియమమూ లేదు. సెలవున్న శనివారం మధ్యాహ్నం తలుపు వేసుకుని, ఫోన్లు హాల్లో వదిలేయండి. ‘ఇంకా విశేషం లేదా’ అని ఎవరు అడిగినా ఆ ప్రశ్నను ఆ గదిలోకి తేకండి.

ఇలా రెండు నెలలు నడిపాక కూడా ఆయన పదేసి గంటలు నిద్రపోయి నీరసంగానే ఉంటే, గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుంటే, ఫిజీషియన్‌కు చూపించండి. అవసరమైతే థైరాయిడ్, బి12, డి విటమిన్ వంటి పరీక్షలు రాస్తారు. ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, దిగులు రెండు వారాలకు మించి ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయనకు కాకపోయినా, ఈ ఉత్తరం రాసేంత దాకా వచ్చారు కాబట్టి మీకు అవసరమనిపించినా చేయండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం బుధవారం తొమ్మిదింటి మాట, శుక్రవారం మినప్పప్పు, ఈ రెండే. వరంగల్ ఫోన్ వచ్చే నెల క్యాలెండర్ చూసుకున్నాక ఆయన చేస్తారు.