పుస్తకం చదవకుండానే ఇంటర్వ్యూకి వస్తున్నారు!

ప్రశ్న: మా నాన్న ఇక్కడి ఆజంజాహీ బట్టల మిల్లులో పనిచేశారు. ఆ కార్మికుల ఇళ్లలో చూసినవీ విన్నవీ కథలుగా రాసి మొదటి పుస్తకం వేసుకున్నాను. ఒక పత్రిక విలేకరి, ఒక యూట్యూబ్ ఛానెల్ వాళ్లు ఇంటర్వ్యూ అడిగారు. ఇద్దరూ పుస్తకం తెరవలేదని మాటల్లోనే తెలిసిపోయింది. నాకేమో కెమెరా అంటే టెన్షన్, నోరు తెరిస్తే మన యాసే వస్తుంది. ఒప్పుకోమంటారా?
— ఒక పాఠకురాలు, శివనగర్, వరంగల్

జవాబు: ఒప్పుకోండి. చదవలేదని అలగొద్దు. పొద్దున రోడ్డు ప్రమాదం, మధ్యాహ్నం ఏనుమాముల మార్కెట్లో మిర్చి ధర రాసి సాయంత్రం మీ ఇంటికొచ్చే విలేకరికి నూట యాభై పేజీలు చదివే తీరిక ఎక్కడిది? పుస్తకం దేని గురించి, మీరెవరు, ఏం అడిగితే బాగుంటుంది అన్నది ఒక పేజీ రాసి ముందురోజే వాట్సాప్ చేయండి, చాలామంది అవే ప్రశ్నలు అడుగుతారు. పేపర్లో మీ పేరు తప్పుల్లేకుండా రావడానికీ అదే దారి.

'ఎందుకు రాశారు' అని మాత్రం తప్పకుండా అడుగుతారు. చిన్నప్పటి నుంచి సాహిత్యమంటే ఇష్టం, సమాజానికి ఏదో చెప్పాలని... ఇలా మొదలుపెట్టారంటే చూసేవాళ్లు ఇంకో వీడియోకి పోతారు. మిల్లు సైరన్ మోగితే మీ ఇంట్లో ఏం జరిగేదో చెప్పండి చాలు. 1934లో నిజాం కాలంలో పెట్టిన మిల్లు అని ఒక్క ముక్క కలపండి, ఎందుకంటే ఇప్పటి పిల్లల్లో చాలామందికి అక్కడ మిల్లు ఉండేదనే తెలియదు. అంతకుమించి చరిత్ర పాఠం వద్దు, కథల ముగింపులు అసలే వద్దు.

నాకు భయమున్నది వేరే చోట. 'ఆ తాగుబోతు భర్త పాత్ర మీ వాడకట్టులో ఫలానా ఆయనే కదా' అని నవ్వుతూ అడుగుతారు. మీరు మొహమాటానికి తల ఊపినా సరే, అదే థంబ్‌నైల్ అవుతుంది, తెల్లారేసరికి ఆ ఇంటివాళ్లు మీ గడప ముందుంటారు. 'కథలో ఉన్నంతవరకే మాట్లాడతాను' అనే మాట ఇంట్లో నాలుగుసార్లు పైకి అని అలవాటు చేసుకోండి, ఎన్ని రకాలుగా అడిగినా అదే చెప్పండి. చాయ్ తాగేటప్పుడు చెప్పే ముచ్చట్లూ జాగ్రత్త, మైకు తీసేశాక అన్నవి కూడా వార్తలో రావచ్చు. 'ఇది రాయొద్దు' అని చెప్పడం కంటే అసలు చెప్పకపోవడమే మేలు. మీ ఫోన్లో కూడా రికార్డింగ్ పెట్టుకోండి, రేపు మాట మారిస్తే చూపించడానికి ఉంటుంది.

యాస సంగతా? జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న కవి కాళోజీ తిరిగిన ఊళ్లో ఉండి ఆ టెన్షన్ ఏంటండీ, ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం కూడా. ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడండి. కాకపోతే కెమెరా ముందు అందరికీ వేగం పెరుగుతుంది, అది మాత్రం తగ్గించుకోవాలి.

ఇంటర్వ్యూకి ఇంత ఇవ్వండి అని ఛానెల్ వాళ్లు డబ్బులడిగితే వెంటనే వద్దనేయండి. ఆ పైసలతో ఊళ్లలోని లైబ్రరీలకు కాపీలు పంపుకోవచ్చు. పుస్తకం చేతిలో పట్టుకుని కూర్చోండి, ధర, దొరికే చోటు మీరే చెప్పండి, వాళ్లు మర్చిపోతారు. వీడియో కింద మాత్రం మీ ఫోన్ నంబర్ పెట్టనివ్వకండి, అమ్మే షాపు నంబర్ ఇవ్వండి.