నల్గొండ పెద్ద దవాఖానల నెలలు నిండని పాపను ఎస్‌ఎన్‌సీయూల పెట్టిర్రు, తల్లిని దగ్గర ఉండనిస్తరా, పైసలెన్నైతయి?

మీరు నల్గొండ పెద్ద దవాఖాన అంటున్నరు గదా, అక్కడైనా మహబూబ్‌నగర్‌ల అయినా ఎస్‌ఎన్‌సీయూ అంటే పుట్టిన 28 రోజుల లోపు పిల్లల కోసం ఉండే స్పెషల్ వార్డు, మందులు, టెస్టులు, రక్తం ఎక్కించుడు అన్నీ ఫ్రీనే, 2011ల వచ్చిన జననీ శిశు సురక్ష అనే సర్కారు పథకం కింద, ఒకవేళ హైదరాబాద్ నిలోఫర్ పిల్లల దవాఖానకు రాసినా బండి కిరాయి మీరు కట్టే పని లేదు.

తల్లిని ఎప్పుడువడితే అప్పుడు లోపలికి పోనియ్యరు. గాజులు, ఉంగరాలు తీసి మోచేతుల దాక సబ్బుతోని కడుక్కోవాలె. పాప జర కుదుటపడ్డంక కంగారూ కేర్ చేపిస్తరు, అంటే టోపీ, సాక్సులు, డైపర్ తప్ప బట్టల్లేకుండ అమ్మ ఛాతీ మీద నిటారుగ ఆనిచ్చి గుడ్డతోని కట్టుడు, ఒంటి వేడి నిలుస్తది, పాలు కూడ మంచిగ పడ్తయి. నాయిన కూడ చెయ్యొచ్చు (మనోళ్లేమో సిగ్గుపడి బయట ఛాయ్ బండి కాడనే నిలబడ్తరు). చప్పరించే బలం లేకుంటే అమ్మ పాలే పిండి చెంచతోని పడ్తరు, అమ్మమ్మ తేనె నాకిస్తనంటే అస్సలొద్దనున్రి.

ఇంటికి పంపినంక చానామంది మర్చేది కంటి పరీక్ష, మరీ ముందుగ పుట్టినోళ్లకు నెల లోపే రెటీనా (కంటి లోపలి వెనక పొర) చూపియ్యాలె, డిశ్చార్జ్ కాయితం మీద తారీఖు రాపిచ్చుకోన్రి.