టెక్ సందేహాలు: ఫిల్టర్ పెట్టినా అందరి పనులూ కనిపిస్తున్నాయి

ప్రశ్న: టీమ్ పనులు చూసుకునే వెబ్ యాప్ రాస్తున్నాను. లాగిన్ అయిన యూజర్‌కి తనకు అప్పగించిన పనుల్లో ‘ఓపెన్’, ‘పెండింగ్’ స్టేటస్ ఉన్నవే కనిపించాలి. క్వెరీలో ‘స్టేటస్ ఓపెన్ ఆర్ స్టేటస్ పెండింగ్ ఆండ్ యూజర్ ఐడీ ఇది’ అని రాశాను. కానీ ఓపెన్‌లో ఉన్న అందరి పనులూ వచ్చేస్తున్నాయి. ఎక్కడ తప్పు?

జవాబు: తప్పు బ్రాకెట్లు లేకపోవడంలో ఉంది. కూడిక కంటే ముందు గుణకారం చేసినట్టే, డేటాబేస్ క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్ ఆర్ కంటే ముందు ఆండ్‌ని చూస్తుంది. అందుకే మీ యూజర్ ఐడీ షరతు పెండింగ్‌కి మాత్రమే అంటుకుంది. ఓపెన్‌కి ఏ అడ్డూ లేదు. రెండు స్టేటస్ షరతుల్నీ ఒకే బ్రాకెట్లో పెట్టి, ఆ తర్వాత ఆండ్ యూజర్ ఐడీ అని రాయండి. కాలమ్ ఒకటే కాబట్టి ఆర్ బదులు ‘ఇన్’ వాడి రెండు విలువలూ ఇస్తే ఇంకా శుభ్రంగా ఉంటుంది.

దీన్ని చిన్న బగ్ అనుకోకండి. ఒకరి డేటా ఇంకొకరికి కనిపించడమంటే భద్రతా లోపమే. యూజర్ ఎంచుకునే ఫిల్టర్లన్నీ ఒక బ్రాకెట్లో, ఎవరు ఏం చూడొచ్చో చెప్పే షరతు దాని బయట ఆండ్‌తో ఉండాలి. క్వెరీని మీ బదులు తయారుచేసే ఫ్రేమ్‌వర్క్ వాడినా ఈ జాగ్రత్త తప్పదు. పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్ లారావెల్‌లో ‘వేర్’ తర్వాత ‘ఆర్‌వేర్’ తగిలిస్తూ పోతే ఇదే సమస్య వస్తుంది; ‘వేర్’కి ఒక ఫంక్షన్ ఇచ్చి అందులో ఆర్ షరతులు రాస్తే బ్రాకెట్ పడుతుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో అయితే షరతుల్ని పట్టుకునే క్యూ ఆబ్జెక్టుల్ని ఆర్, ఆండ్ గుర్తులతో కలిపేటప్పుడు బ్రాకెట్లు మీరే పెట్టాలి.

రేపు ‘క్లోజ్ అయినవి తప్ప అన్నీ’ అనే ఫిల్టర్ కూడా పెడతారేమో. అప్పుడు స్టేటస్ నల్‌గా, అంటే ఏ విలువా లేకుండా ఉన్న పనులు చెప్పాపెట్టకుండా మాయమవుతాయి. నల్‌ని దేనితో పోల్చినా జవాబు అవునూ కాదు, కాదూ కాదు కాబట్టి ఆ వరుస వడపోతలో పోతుంది. అవి కావాలంటే ‘ఆర్ స్టేటస్ ఈజ్ నల్’ చేర్చండి. ఇక్కడా ఆర్ వచ్చింది, మళ్లీ బ్రాకెట్ తప్పనిసరి.

యూజర్ ఇచ్చిన విలువల్ని క్వెరీ టెక్స్ట్‌లో అతికించకుండా పారామీటర్లుగానే, అంటే క్వెరీ నుంచి విడిగా పంపండి. టెస్టింగ్‌కి ఇద్దరు యూజర్లను సృష్టించి, ఒక్కొక్కరికీ ఓపెన్, పెండింగ్, క్లోజ్, నల్ స్టేటస్‌లతో పనులు పెట్టి, ఒకరి లాగిన్‌లో ప్రతి ఫిల్టర్‌నీ నొక్కి చూడండి.