7,20,720కి అంత ప్రత్యేకత ఏముంది? దానికి కారణాంకాలు ఎన్ని?

అంబాజీపేటలో 7,20,720 కొబ్బరికాయలు రాశి పోశారనుకోండి. రెండు కుప్పలు చేసినా, పదకొండు చేసినా, పదహారు చేసినా ఒక్క కాయ మిగలదు. 1 నుంచి 16 దాకా ఉన్న అన్ని సంఖ్యల క.సా.గు. ఇదే. పదిహేడు కుప్పలు వేస్తే మాత్రం 5 కాయలు మిగిలిపోతాయి.

చాలామంది 1 నుంచి 16 వరకు గుణించుకుంటూ పోతారు. అలా చేస్తే 20 లక్షల కోట్లు దాటుతుంది. అది క్రమగుణితం, క.సా.గు. కాదు. ప్రతి ప్రధాన సంఖ్యకూ 16 దాటని పెద్ద ఘాతాన్నే తీసుకోవాలి: 16, 9, 5, 7, 11, 13. వీటి లబ్ధమే మన సంఖ్య.

720 పక్కనే మళ్లీ 720 ఉంది చూడండి. అంటే ఇది 720 × 1001. 1001 అంటే 7 × 11 × 13. మూడంకెలను రెండుసార్లు పక్కపక్కన రాస్తే వచ్చే ఏ సంఖ్యనైనా ఈ మూడూ భాగిస్తాయి.

ఇక కారణాంకాలు. 2కి ఘాతం 4, 3కి 2, మిగతా నాలుగింటికీ 1. ప్రతి ఘాతానికీ ఒకటి కలిపి గుణించాలి: 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. ఆ ఒకటి కలపడం మరిచిపోతే 8 వస్తుంది, పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. ఇంతకన్నా చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. ఇలాంటి సంఖ్యల మీదే రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించారు.

ఇది వర్గ సంఖ్య కాదు. 5005తో గుణిస్తే అవుతుంది, వర్గమూలం 60,060.