బోరు తర్వాత, ముందు వానను చూడు

సుజాతమ్మకు పెద్దనాయన దీవెనలు.

బెంగళూరులో ఉద్యోగం మానేసి నాయన చేలోకి వస్తున్నావని మీ పెద్దమ్మ చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంటి పిల్లల్లో చేను మీద మనసుపడి తిరిగొచ్చేది నువ్వొక్కదానివే, దానికి సంతోషం. కానీ ఇంకా రాకముందే బోరు బండికి బయానా ఇచ్చినావంటనే! ఎవర్ని అడిగి ఇచ్చినావు?

పాసు పుస్తకం నీ పేరుకు మార్పించుకో, మట్టి పరీక్ష చేయించు. ఇవి నీకు తెలిసినవే.

బోరు సంగతి మాత్రం కూచోబెట్టి చెప్పాలి. మీ నాయన మొదటి బోరు వేసినప్పుడు నువ్వు చంకలో బిడ్డవి. ఒకాయన అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరిగి, వేపచెట్టు దగ్గర ఆగినాడు. టెంకాయ లేచి నిలబడింది. రాత్రంతా బండి మోత, తెల్లటి రాతిపొడి. తెల్లారుజామున పొడి బురదై నీళ్లు చిమ్మినాయి. మీ నాయన ఆ బురదలోనే గంతులేసినాడు. వెంటనే చీనీ (బత్తాయి) చెట్లు పెట్టినాడు. దెబ్బ తినింది అక్కడే. మన కిందుండేది గట్టిరాయి, నీళ్లు దాని పగుళ్లలో ఉండాల్సిందే. చుట్టూ అందరూ తోడేది ఆ నీళ్లే, వానేమో దిగకపాయె. చీనీ కాపుకొచ్చే ఏడు బోరు గాలి కక్కింది. శెనక్కాయ పోతే ఒక పంటే పోయిందనుకుంటాం, పెంచిన చెట్టును ఎట్లా ఎండబెడతాం? ఇంకొకటి వేయించినాడు, పొడే. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది. "ఇంకో వంద అడుగులు చూద్దాం" అనేవాడు. మీ అమ్మ గాజులు ఆ వంద అడుగుల్లో పోయినాయి. చెట్లు కొట్టించిన రోజు అన్నం ముట్టలేదు. వాణ్ని తప్పుపట్టడం లేదమ్మా, నా తమ్ముడు కష్టజీవి.

ఆ బయానా తిరిగి అడుగు. ఇయ్యకపోతే పోనీ, నేనిస్తా.

అనంతపురానికి ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన. తక్కువే. కానీ ఇంజనీరువి కదా, లెక్క వేయి. ఎకరా మీద 10 మిల్లీమీటర్లు పడితే 40 వేల లీటర్లు, ఏడాదికి 22 లక్షలు. నాలుగు గట్టి వానల్లో చాలావరకు పడిపోయి, వాలున పారి వంకలో కలుస్తుంది. మధ్యలో వారాల తరబడి చుక్క ఉండదు. 1364లో అనంతసాగరం చెరువు కట్టినోళ్లకు బోరు బండ్లు ఎక్కడివి? పారే నీటికి అడ్డం కట్టినారు, అంతే.

వాలుకు అడ్డంగా దున్నించు. గట్లు తెగినచోట పూడ్చు. పల్లం మూలన నీటికుంట తవ్వించి, నీళ్లొచ్చే దారిలో పూడిక ఆగడానికి చిన్న గుంత పెట్టించు. శెనక్కాయ ఒక్కటే నమ్ముకోవద్దు, మధ్యలో కంది, అలసంద సాళ్లు వేయి. వాన పడిన మర్నాడు గుద్దలితో తవ్వి చూడు. తడి జానెడు దిగకుండా విత్తనం వేయొద్దు, ఊరంతా వేస్తున్నా సరే. పునర్వసు కార్తె దాకా ఆగినా మనకు అదను తప్పదు. నీకు తొందర ఎక్కువ, నాయన పోలికే, అందుకే ఇంతగా చెబుతున్నా.

ఎండలో తలకు గుడ్డ కట్టుకో. అలసంద విత్తనం కొనొద్దు, మీ పెద్దమ్మ బూడిద కలిపి దాచిపెట్టింది. శుక్రవారం మధ్యాహ్నం బస్సుకు వస్తాం. పాత గుద్దలికి కామ విరిగింది, ఆలోగా కొత్తది వేయించి పెట్టు.