పెరమిహోకు బయలుదేరుతున్న సహోదరునికి

ప్రియ సహోదరునికి ఆశీస్సులు.

నిన్ను టాంజానియాలోని పెరమిహో మఠానికి పంపుతున్నారని తెలిపిన నీ ఉత్తరం చేరింది. వెళ్లిన మొదటి ఏడాదే ఒక బడి, తేనెటీగల పెంపకం ప్రారంభించాలన్న నీ ఉత్సాహానికి సంతోషించాను. అయినా ఆ రెండింటినీ కనీసం రెండేళ్లు పక్కన పెట్టమని నా సలహా.

మన మఠజీవితానికి ఆధారమైన పునీత బెనెడిక్టు నియమావళిలోని 61వ అధ్యాయాన్ని ప్రయాణానికి ముందు మళ్లీ చదువు. దూరం నుంచి వచ్చిన సన్యాసి తాను చేరిన చోటి ఆచారంతో తృప్తిపడాలనీ, అతడు వినయంతోనూ ప్రేమతోనూ ఏదైనా లోపం ఎత్తిచూపితే ప్రభువు అతణ్ణి అందుకే పంపాడేమోనని మఠాధిపతి ఆలోచించాలనీ అందులో ఉంది. తృప్తి ముందు, విమర్శ తరువాత. మనవారిలో చాలామంది ఈ వరుసను తారుమారు చేయడం చూశాను, నేనూ చేశాను.

స్వాహిలిలో గంటల లెక్క సూర్యోదయం నుంచి మొదలవుతుంది కాబట్టి మన ఉదయం ఏడు వారికి ఒకటి అవుతుంది. ఇది ఇంకా ఒంటబట్టని రోజుల్లో, కాలిపుండుతో వచ్చిన ఒక ముసలమ్మను మరునాడు మధ్యాహ్నం మూడింటికి రమ్మనబోయి 'సా తాతు', అంటే మూడు గంటలు, అన్నాను. ఆమె ఉదయం తొమ్మిదికే వచ్చి, నేను పొలం నుంచి తిరిగి వచ్చేదాకా మామిడిచెట్టు కింద కాలు చాపుకుని కూర్చుంది; నాకోసం తెచ్చిన రెండు కోడిగుడ్లు చెంగున మూటకట్టి ఉన్నాయి. నన్ను ఒక్క మాట అనకపోగా, నా అలసట చూసి 'పోలే' అంది. 'అయ్యో పాపం' అని మనం అనే చోట వారనే మాట అది. ఆ రోజు నుంచి నేను భాషను పనికి ముందు మెట్టుగా కాక, అసలు పనిగానే ఎంచాను.

నీవు కూడా మొదటి ఆరు నెలలు దానికే ఇవ్వు. మన బహువచనం మాట చివర చేరుతుంది, వారిది మాట మొదట్లోనే మారుతుంది: 'కితాబు' ఒక పుస్తకమైతే 'వితాబు' పుస్తకాలు. మాట మొదలును శ్రద్ధగా వినడం మన చెవికి కొత్తగా నేర్పవలసి ఉంటుంది.

మరొక విషయం మనసు పెట్టి విను. జర్మన్ పాలకులు విధించిన పన్నులకు, బలవంతపు పత్తి సాగుకు వ్యతిరేకంగా 1905లో 'మాజీ మాజీ' అనే పేరుగల తిరుగుబాటు లేచినప్పుడు బిషప్ కాసియన్ స్పిస్‌ను, ఆయనతో ప్రయాణిస్తున్న ఇద్దరు సహోదరులను, ఇద్దరు సిస్టర్లను తిరుగుబాటుదారులు చంపారు. ఈ కథ మన మఠాల్లో అందరికీ తెలుసు. 1906లో సోంగియా పట్టణంలో ఎన్‌గోని తెగ పెద్దలను జర్మన్లు ఉరితీసిన సంగతి, వారి సైన్యం పంటలు తగలబెట్టగా వచ్చిన కరువులో జనం విపరీతంగా చనిపోయిన సంగతి కూడా అంతే శ్రద్ధగా తెలుసుకో. సోంగియాలోని స్మారక స్థలం పెరమిహోకు దగ్గరే; మొదటి నెలలోనే వెళ్లి, అక్కడ కాసేపు మౌనంగా నిలబడు. నీ అంగీని చూసినప్పుడు అక్కడివారికి ఈ రెండు కథలూ గుర్తుకు రావచ్చు.

1898లో మొదలైన పెరమిహోలో ఆసుపత్రిని, అచ్చుశాలను, వడ్రంగిశాలను చూసి అబ్బురపడతావు. నాకు మాత్రం వాటన్నిటికంటే హంగా మఠమే గొప్పగా తోస్తుంది. అక్కడ కీర్తనలు పాడేదీ, పొలం చేసేదీ, నిర్ణయాలు తీసుకునేదీ ఆఫ్రికా సన్యాసులే. నీ తేనెటీగల విషయానికొస్తే, ఆ అడవుల్లో చెట్టు బెరడు గూళ్లు కట్టి తేనె తీసేవారు తరతరాలుగా ఉన్నారు. ముందు వారి దగ్గర శిష్యరికం చేయి.

పెద్దలు ఎదురైతే 'శికమో' అని నీవే ముందుగా పలకరించాలి. భోజనానికి పెట్టే ఉగాలి మన సంకటి లాంటిదే, కుడిచేత్తోనే తింటారు. జూన్, జులై నెలల్లో అక్కడ చలి ఎక్కువ; పెట్టెలో పుస్తకాలు కొన్ని తగ్గించి ఒక మంచి ఉన్ని స్వెట్టరు పెట్టుకో.